పరుగు తర్వాతి రెండు గంటలు

కనకమాలక్ష్మి ట్రెడ్‌మిల్ మీద నలభై నిమిషాలు పరిగెత్తి దిగిందంటే ఆ గదిలో ఉన్నవాళ్ళకి పొద్దున్నే ఒక హుషారు. చెమట తుడుచుకోకుండానే కబుర్లు మొదలుపెట్టేది.

"ఏటి మేడమ్, అలా సూస్తారు? ఇంకో నలభై నిమిషాలు పరిగెత్తమన్నా పరిగెత్తుతాను. మీ మిసనుకే ఓపిక నేదు."

పరిశోధన నడిపే డాక్టరు వకుళ నవ్వి, కిటికీ పక్కనున్న మంచం చూపించేది. "మాలచ్చీ, ముందు పడుకో. కబుర్లు పడుకుని చెప్పు."

యెండాడ కొండ మీద ఉన్న ఆ పరిశోధనశాలలో అందరూ ఆమెని మాలచ్చి అనే పిలిచేవాళ్ళు. ముప్పై మూడేళ్ళ మనిషి. పుట్టింది భీమిలి దగ్గర చేపలు పట్టేవాళ్ళ పేటలో. చిన్నప్పుడు తడి ఇసక మీద పరిగెత్తడం అలవాటై, పంతొమ్మిదేళ్ళకి రాష్ట్ర పోటీల్లో ఐదు వేల మీటర్ల పరుగులో రెండోదిగా వచ్చింది. ఆ తర్వాత పెళ్ళి, ఒక ఆడపిల్ల, మొగుడితో పడక విడిపోవడం, మధురవాడలో ఒక ప్రైవేటు బడిలో డ్రిల్లు టీచరు ఉద్యోగం. పరుగు మాత్రం మానలేదు. పరిశోధనకి ఆరోగ్యంగా ఉన్న పరుగువాళ్ళు కావాలన్న ప్రకటన చూసి వచ్చిన నలభై మందిలో ఆమె ఒకతి. ఎందుకు వచ్చావని వకుళ అడిగితే, "పరిగెత్తడానికి నన్నెవరైనా పిలిచి పద్నాలుగేళ్ళయింది మేడమ్," అంది.

మంచం మీద జరిగే పని చూడ్డానికి చాలా మామూలుగా ఉండేది. మాలచ్చి ఒక చేతిలోంచి నెత్తురు సన్నటి గొట్టంలోకి వచ్చి, పక్కనున్న యంత్రంలో తిరిగి, రెండో చేతిలోంచి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేది. గంటన్నర అయ్యేసరికి యంత్రం అడుగున చిన్న సీసాలో లేత పసుపు రంగు ద్రవం రెండు చెంచాలంత చేరేది. కాగితాల మీద దానికి పొడుగాటి పేరుంది. అక్కడ పనిచేసేవాళ్ళు మాత్రం తేట అనేవాళ్ళు.

తేటని కనిపెట్టింది వకుళే. పరిగెత్తేటప్పుడు గుండె పడే శ్రమ అందరికీ తెలుసు. ఆమె ఆసక్తి పరుగు ఆగాక జరిగేదాని మీద. పరుగులో నెత్తురు వడిగా పారుతూ రక్తనాళాల గోడల్ని రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి గోడలు సడలి విచ్చుకుంటాయి. మనిషి ఆగి పడుకున్నాక కూడా వెంటనే ముడుచుకోవు. రెండు గంటల దాకా అలా తెరుచుకునే ఉంటాయి. రక్తపోటు మామూలు కంటే కిందికి దిగుతుంది, గుండె తక్కువ పనితో ఎక్కువ నెత్తురు నడుపుతుంది. రోజూ పరిగెత్తేవాళ్ళ గుండెకి మేలంతా ఆ రెండు గంటల్లోనే జరుగుతుందని వకుళ పదేళ్ళుగా వాదిస్తూ వచ్చింది. చివరికి ఆ సమయంలో నాళాల గోడల నుంచి నెత్తురులోకి ఊరే పదార్థాన్ని పట్టుకుంది. దాన్ని తీసి, పరిగెత్తలేని మనిషికి ఎక్కిస్తే? అప్పుడు ఆ మనిషి మంచం మీదే ఉంటాడు, అతని గుండె మాత్రం పరిగెత్తి వచ్చినట్టు హాయిగా కొట్టుకుంటుంది.

జరిగింది అదే. నలభై మంది రోగుల మీద మొదలైన ప్రయోగంలో పద్నాలుగో నంబరు రోగి వకుళ భర్త శేషగిరి.

శేషగిరి రైలింజను డ్రైవరు. వాల్తేరు డివిజన్‌లో ఇరవై ఏళ్ళు, అందులో సగానికి పైగా కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే కొండ లైను మీద ఇనుప ఖనిజం బళ్ళు నడిపాడు. ఏ సొరంగం దాటాక చలిగాలి తగులుతుందో, ఏ మలుపులో అరకు లోయ మొదటిసారి కనబడుతుందో అన్నం తింటూ చెప్పేవాడు. రెండేళ్ళ కిందట ఒక జ్వరం వచ్చింది. వారానికి జ్వరం తగ్గింది గాని గుండె కండరం సాగిపోయింది. స్నానానికి వెళ్ళొచ్చి కుర్చీలో కూలబడి పావుగంట మాట్లాడలేకపోయేవాడు. రైల్వేవాళ్ళు ఇంజను ఎక్కనివ్వకుండా మర్రిపాలెం లోకో షెడ్డులో డ్యూటీ చార్టులు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. వేరేవాళ్ళ పేర్ల పక్కన బండి నంబర్లు రాయడం అతని పని.

సొంత మనిషి మీద ప్రయోగం చేయకూడదని వకుళకి తెలుసు. అందుకే ఎంపికలో ఆమె వేలు పెట్టలేదు. పరిశోధనశాల డైరెక్టరు డాక్టర్ భావనారాయణే శేషగిరి పేరు చేర్చాడు. తేట అందరిదీ అందరికీ పడదు. రక్తం గ్రూపుల కంటే దానికి పట్టింపు ఎక్కువ. ఒక్కొక్క రోగికి సరిపడే పరుగు మనిషిని వెతికి జత కలపాలి. శేషగిరికి నలభై మందిలో సరిపోయింది మాలచ్చి ఒక్కతే. ఆ సంగతి ఆమెకీ తెలియదు, అతనికీ తెలియదు. సీసాల మీద నంబర్లు అంటించేది వకుళ కాబట్టి ఆమెకి తెలుసు.

డిసెంబరులో మొదలుపెడితే ఫిబ్రవరికల్లా శేషగిరి ముఖంలో రంగు మారింది. మార్చిలో ఒక ఆదివారం మాధవధారలో ఇంటి నుంచి బయల్దేరి ఎక్కడా ఆగకుండా మర్రిపాలెం షెడ్డు దాకా నడిచి వెళ్ళి వచ్చాడు. వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "వకుళా, ఆయాసం రాలేదు," అన్నాడు. ఆ మాట అనడానికే నడిచి వచ్చినట్టు అన్నాడు. ఆ రోజు వంట తనే చేశాడు. కూర మాడింది. ఇద్దరూ అడుగు గీరుకుని మరీ తిన్నారు. సెప్టెంబరులో రైల్వే ఆసుపత్రిలో మళ్ళీ పరీక్షకి పేరు ఇచ్చాడు. అందులో గట్టెక్కితే ఇంజను ఎక్కనిస్తారు.

జూన్ చివర్లో వకుళ మాలచ్చి ధమని పరీక్ష చేసింది.

అది నెలకోసారి అందరికీ చేసే పరీక్షే. ముంజేతికి పట్టీ బిగించి ఐదు నిమిషాలు నెత్తురు ఆపుతారు. పట్టీ వదలగానే నెత్తురు ఒక్కసారి దూకుతుంది. ఆ దూకుడుకి ధమని ఎంత విచ్చుకుంటుందో పైన పెట్టిన పరికరం తెర మీద చూపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నాళం నూటికి పది పాళ్ళు విచ్చుకుంటుంది. మాలచ్చిది మొదట్లో పదకొండు. ఆ మాటకొస్తే వచ్చినవాళ్ళందరిలో ఆమెదే ఎక్కువ. ఏప్రిల్లో తొమ్మిది చూపించింది, మేలో ఎనిమిది. ఎండల వల్లేమో అనుకుంది వకుళ. ఆ రోజు నాలుగు చూపించింది.

"మళ్ళీ ఓసారి చూస్తాను, చెయ్యి కదపకు."

"కదపనేదు మేడమ్."

రెండోసారి మూడున్నర వచ్చింది. ముప్పై ఏళ్ళు చుట్టలు కాల్చిన ముసలాయన ధమని విచ్చుకునేంత. మాలచ్చి పై కప్పు చూస్తూ బడిలో పిల్లల సంగతులేవో చెబుతోంది. వకుళ ఊఁ కొడుతూ కంప్యూటరులో ఆరు నెలల కొలతలు వెనక్కి తిప్పింది. డిసెంబరులో పరుగు ముందు మాలచ్చి రక్తపోటు నూట పద్దెనిమిది, పరిగెత్తి పడుకున్న గంటకి నూట నాలుగు. ఇప్పుడు పరుగు ముందు నూట ముప్పై ఆరు, గంట తర్వాత కూడా నూట ముప్పై ఆరే. కిందికి దిగడం మానేసింది.

ఎందుకో అర్థం చేసుకోవడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు. పరుగు ప్రతిసారీ నాళాలకి కాస్త దెబ్బే. గుండెకి కాస్త అలుపే. తర్వాతి రెండు గంటల్లో ఒళ్ళు ఆ దెబ్బని సరిచేసుకుని, మునుపటి కంటే మెరుగవుతుంది. ఆ సరిచేసే సరుకునే తాము వారానికి ఐదు రోజులు తోడేస్తున్నారు. తీసిన తేట మర్నాటికి ఊరిపోతుందని అనుకున్నారు. ఊరుతోంది, అదీ సీసాలోకే పోతోంది. దెబ్బలు మాత్రం ఆమె దగ్గర ఉండిపోతున్నాయి.

ఆ కొలత అప్పటికప్పుడు నమోదు చేసి, భావనారాయణ గదికి వెళ్ళి, ఈ మనిషిని ఈ పూట నుంచే ఆపాలని చెప్పాలి. అది వకుళకి తెలుసు. తెలిసి, కొలత వేయాల్సిన గడిలో "పరికరంలో తేడా, మళ్ళీ తీయాలి" అని రాసింది. తర్వాత లేచి సీసా మూత బిగించి, దాని మీద పద్నాలుగు అంకె అంటించింది.

సెప్టెంబరు పరీక్ష అయిపోనీ అనుకుంది. అతను ఇంజను ఎక్కాక ఇంకో జత వెతకొచ్చు. ఈలోపు మాలచ్చికి ఏమీ కాదు, గట్టి ఒళ్ళు. అలా ఆమె తనకి తాను నచ్చజెప్పుకున్న మాటలన్నీ నిజానికి దగ్గరగానే ఉండేవి, అందుకే నమ్మడం తేలికైంది.

జూలై రెండో వారంలో మాలచ్చి తనే అడిగింది. ట్రెడ్‌మిల్ దిగి, ఆ రోజు కబుర్లు చెప్పకుండా కాసేపు కమ్మీ పట్టుకుని నిలబడింది.

"మేడమ్, నా కాళ్ళకేటో అయింది. బీచిలో ఐదు కిలోమీటర్లు ఇరవై నిమిషాల్లో కొట్టీదాన్ని. మొన్న ఇరవై ఐదు పట్టింది. పరిగెత్తాక ఇదివరకు గుండి బేగి సల్లబడిపోయీది. ఇప్పుడు ఇంటికెల్లి వొండుకుంతన్నా దడదడలాడతానే ఉంటంది."

"నిద్ర సరిగా పోతున్నావా?"

"పోతన్నాను."

వకుళ ఆమె కంటి కింది రెప్ప లాగి చూసింది. చూడ్డానికి అక్కడ ఏమీ లేదు. "ఐరన్ తక్కువైనట్టుంది. బిళ్ళలు రాసిస్తాను. రోజుకొకటి, అన్నం తిన్నాక వేసుకో."

"అంతేనేటి? నానేటో అనుకుని గాబరా పడిపోయాను." మాలచ్చి చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుంది. "మీరు సూసారు, సాలు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి శేషగిరి పాత యూనిఫాం ఇస్త్రీ చేయించి తెచ్చి, తలుపుకి తగిలించి ఉంచాడు. నడుము దగ్గర వదులైంది, కుట్టించాలి అన్నాడు. వకుళ సూది, దారం తీసుకుని కూర్చుంది. అతను పక్కన కూర్చుని, బొర్రా గుహల స్టేషను దగ్గర వానాకాలంలో కొండ మీంచి నీళ్ళు పట్టాల మీదికి ఎలా దూకుతాయో చెప్పసాగాడు. ఆమెకి సూదిలో దారం ఎక్కలేదు. అతనే ఎక్కించి ఇచ్చాడు.

ఆగస్టు పదో తారీకున, పంద్రాగస్టు కవాతుకి పిల్లలతో సాధన చేయిస్తూ, మాలచ్చి బడి మైదానంలో పడిపోయింది. పిల్లలు ముందు అది కూడా డ్రిల్లులో భాగమే అనుకుని నిలబడి చూశారట.

వకుళ ఆసుపత్రికి వెళ్ళేసరికి వరండాలో మాలచ్చి అన్న నూకరాజు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. పొద్దున్నే చేపల వేటకెళ్ళి వచ్చిన మనిషి, బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"డాటరమ్మా, నాకొకటి తెలీదు. బీడీ కాల్సినోడికి గుండి జబ్బంటే సరే. కూకున్నసోట కూకుని తిన్నోడికంటే సరే. దీనికేలమ్మా? ఇది ఊహొచ్చిన కాడ్నించి పరిగెత్తతానే ఉంది కదా."

వకుళ డాక్టరు దగ్గరికి వెళ్ళి రిపోర్టులు చూసింది. రక్తపోటు నూట తొంభై. గుండె గోడ మందమైంది, బిగుసుకుపోయింది. ఇక బతకాలంటే జీవితాంతం మందులు, బరువు ఎత్తకూడదు, ఎత్తు ఎక్కకూడదు. పరుగు మాట ఎత్తనే కూడదు. డాక్టరు కుర్రవాడు. ఈ వయసులో ఇలాంటి గుండె తానెప్పుడూ చూడలేదన్నాడు.

వార్డులో మాలచ్చి మెలకువగానే ఉంది. వకుళని చూసి లేవబోయింది, చేతికున్న గొట్టాలు అడ్డొచ్చాయి.

"మేడమ్, ఐరన్ బిళ్ళలు ఒక్క పూటా మాననేదు. కావాలంటే మా పాపనడగండి."

వకుళ మంచం అంచు మీద కూర్చుంది. చెప్పడానికే వచ్చింది. మాలచ్చి చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని, చెప్పకుండానే లేచి వచ్చేసింది.

ఇంట్లో శేషగిరికి చెప్పింది. అతను అన్నం కలుపుకుంటున్నాడు. తేట ఎవరిదో, జూన్‌లో తను ఏం చూసిందో, ఏం రాసిందో అన్నీ వరసగా చెప్పింది. అతను ముద్ద నోట్లో పెట్టుకోలేదు, కంచంలో వదలనూ లేదు. చేతిలోనే ఉంచుకుని విన్నాడు.

"నువ్వు నాకు చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు చివరికి.

"చెప్పకుండా ఎలా ఉంటాను?"

"ఆరు వారాలు ఉన్నావుగా. ఇంకో నాలుగు వారాలు ఉండలేకపోయావా?" అతని గొంతులో కోపం లేదు. అదే వకుళని భయపెట్టింది. "ఇప్పుడు చెప్పావు. నేను వద్దు, మానేస్తాను అనాలి. అంటే నేను మంచివాణ్ణి, మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చుని ఒకరోజు అక్కడే పోతాను. తేట కావాలి అన్నానా, వెధవనవుతాను. నన్ను ఈ రెండింట్లో ఏదో ఒకటి అవమని ఎవరడిగారు వకుళా?"

"ఆమె ఇంక పరిగెత్తలేదండీ. మీరు కావాలన్నా రాదు."

శేషగిరి చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. తర్వాత అడిగాడు. "ఇంకెవరూ జత కలవరా?"

మర్నాడు ఆమె భావనారాయణ గదికి వెళ్ళింది. అతను రిపోర్టులన్నీ ఓపిగ్గా చదివాడు. మంచి శాస్త్రవేత్త. చదువుతున్నప్పుడు అతని ముఖంలో బాధ కూడా కనిపించింది.

"ఒక్కతే కాదు," అంది వకుళ. "మిగతావాళ్ళవి నిన్న రాత్రంతా చూశాను. పదకొండు మందిలో అదే దారి. నెమ్మదిగా ఉంది, అంతే. ఇది ఆపాలి సార్."

"ఆపితే ఆ నలభై మంది రోగులు ఏమవుతారు? మీ ఆయనతో సహా?" భావనారాయణ కళ్ళజోడు తీశాడు. "మనిషికి మూడు నెలలు చాలు. మూడు నెలలకి మించి ఎవరి దగ్గరా తీసుకోం. అంతలో ఆపితే నాళాలు మళ్ళీ కోలుకుంటాయని నా నమ్మకం. పరిగెత్తేవాళ్ళకి ఈ దేశంలో కొరతేమీ లేదు."

"నమ్మకమా, కొలతా?"

"కొలవడానికి నీకంటే ఎవరున్నారు? కాకపోతే కొలిచింది నువ్వు రాయలేదు కదా వకుళా."

ఆ మధ్యాహ్నమే వకుళ, ప్రయోగాల మంచిచెడ్డలు చూసే నైతిక సంఘానికి నివేదిక రాసింది. పదకొండు మంది కొలతలు పెట్టింది. జూన్ ఇరవై ఏడున తాను దాచిన మూడున్నర కూడా పెట్టింది, పద్నాలుగో రోగి తనకి ఏమవుతాడో కూడా రాసి సంతకం చేసింది. సంఘం పది రోజుల్లో ప్రయోగం ఆపించింది. కొలత దాచినందుకు వకుళని ఉద్యోగం నుంచి తీసేశారు. అది న్యాయమే. నలభై మంది రోగుల ఇళ్ళ నుంచి ఫోన్లు వచ్చాయి. ఒకావిడ, "మీ చేతులతో మా ఆయన్ని లేపి, మీ చేతులతోనే పడుకోబెడుతున్నారు," అని మెల్లిగా చెప్పి ఫోను పెట్టేసింది.

తేట ఆగిన మూడో వారానికి శేషగిరి పాదాల్లో నీరు కనిపించింది. సెప్టెంబరు పరీక్షకి వెళ్ళలేదు. యూనిఫాం మడత పెట్టి ఎక్కడో దాచాడు, ఎక్కడో ఆమె అడగలేదు. ఇంట్లో ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకునేవాళ్ళు. మందు వేసుకున్నారా, వేసుకున్నాను. అంతకు మించి ఏం మాట్లాడినా ఆ సంగతికే వచ్చేది.

అదే నెలలో ఆమె భీమిలి వెళ్ళింది. మాలచ్చి అన్న ఇంటి అరుగు మీద ఎండు చేపలు ఏరుతూ కూర్చుని ఉంది. వకుళ ఈసారి నిలబడే అంతా చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనని ఆమెకి తెలుసు.

మాలచ్చి చేపలు ఏరడం ఆపలేదు. "ఆరు వారాలు తెలిసీ నన్ను పరిగెత్తించారు."

"అవును."

"ఆరు వారాలంటే ఎన్ని రోజులు పరిగెత్తాను?"

"ముప్పై ఒక్క రోజులు."

"లెక్క బాగానే ఉంది మీకాడ." ఇంకో చేప ఏరి పక్కన పెట్టి అడిగింది. "మీ ఆయనకి ఎలాగుంది?"

"మళ్ళీ నీరు పడుతోంది."

మాలచ్చి తలూపింది. లోపలికి వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. చేతికి ఇవ్వలేదు. వకుళ తాగి, గ్లాసు అక్కడే పెట్టి వచ్చేసింది.

అక్టోబరులో భావనారాయణ ఇంకో రాష్ట్రంలో ఇంకో సంస్థ పేరున పని మొదలుపెట్టాడు. మూడు నెలలకొక మనిషి చొప్పున పరుగువాళ్ళని మార్చే పద్ధతికి అక్కడ అనుమతి దొరికింది. శేషగిరికి సరిపడే జత దొరికిందని కబురొచ్చింది. దొరికినది ఎవరని అతను అడగలేదు. వకుళ అడిగితే, పంతొమ్మిదేళ్ళ పిల్ల, హాకీ ఆడుతుందన్నారు.

"నేను వెళ్తాను," అన్నాడు శేషగిరి.

"మీకు తెలిసి కూడానా?"

"తెలిసే. తెలియకుండా ఎనిమిది నెలలు బతికాను. నీ పుణ్యమా అని ఇప్పుడు తెలిసి బతుకుతాను. నువ్వు రావద్దు. నువ్వొస్తే రోజూ నీ ముఖంలో ఆవిడ కనబడుతుంది."

బయల్దేరే రోజు పొద్దున్న వీధంతా మంచినీళ్ళ గొట్టాల కోసం తవ్వేసి ఉంది. కారు ఇంటి దాకా రాలేదు. అతని తమ్ముడు కొండవాలు పైన, పెద్ద రోడ్డు మలుపులో కారు ఆపుకుని ఎదురుచూస్తున్నాడు. శేషగిరి చిన్న సంచీ భుజానికి తగిలించుకుని గేటు తీసేసరికి ఎదురుగా మాలచ్చి నిలబడి ఉంది. చిక్కిపోయింది. బూట్లు బదులు చెప్పులు వేసుకుంది. వకుళ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరేనేటండి శేషగిరి బాబు?"

"అవును."

"నాను మాలచ్చిని."

శేషగిరి ముఖం పాలిపోయింది. సంచీ మరో భుజానికి మార్చుకున్నాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు గాని మాలచ్చి ఆగలేదు. "ఎక్కడికో ఎల్తన్నట్టున్నారు. పైదాకా మీతోపాటు నడుస్తాను పదండి. మరేం నేదు, నడుస్తాను, అంతే."

ఇద్దరూ బయల్దేరారు. తవ్విన మట్టి కుప్పల పక్కనుంచి, ఒకరి పక్కన ఒకరు, వాలు ఎక్కసాగారు. వకుళ గేటు పట్టుకుని చూసింది. అతని నడకలో తేట మిగిల్చిన బలం ఇంకా కాస్త ఉంది, నీరు పట్టిన పాదాలతోనే ఒక పద్ధతిగా అడుగులు వేస్తున్నాడు. మాలచ్చి మొదట అతనితో సమానంగా నడిచింది. సగం దూరం వెళ్ళాక అడుగు తడబడింది. ఇంకో నాలుగడుగులు వేసి, రోడ్డు పక్కన పడేసిన సిమెంటు గొట్టం మీద చెయ్యి ఆన్చి ఆగిపోయింది.

శేషగిరి కూడా ఆగాడు. వెనక్కి తిరిగి ఆమె దగ్గరికి రెండడుగులు వచ్చాడు. మాలచ్చి చెయ్యి ఊపి, వెళ్ళమని సైగ చేసింది. అతను తటపటాయించాడు. పైనుంచి తమ్ముడు హారన్ కొట్టాడు. శేషగిరి తల వంచుకుని నడక సాగించాడు. మలుపు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు, వెనక్కీ చూడలేదు.

వకుళ వాలు ఎక్కి వచ్చేసరికి మాలచ్చి గొట్టం మీద కూర్చుని మలుపు వైపే చూస్తోంది. పెదవులు నల్లబడ్డాయి. ఊపిరి చిన్న చిన్న ముక్కలుగా వస్తోంది.

"ఎందుకొచ్చావు మాలచ్చీ? ఈ ఎత్తు నువ్వు ఎక్కకూడదు."

"సూడాలని." ఊపిరి అందేదాకా ఆగింది. "నా పరుగు ఎంత దూరమెల్లిందో సూడాలని వొచ్చాను. బాగానే నడుస్తన్నారు."

కారు స్టార్టయిన చప్పుడు వినిపించి, దూరమైంది. వకుళ ఆమె పక్కన కూర్చుంది. ఇరవై ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్ళి మాలచ్చి మణికట్టు పట్టుకుంది. వేళ్ళ కింద నాడి గట్టిగా, ఎగుడుదిగుడుగా కొట్టుకుంటోంది. లెక్కపెడుతూ వకుళ పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు.

మాలచ్చి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, పిల్లల చేతిలోంచి వస్తువు తీసుకున్నట్టు.

"సాలు మేడమ్. ఇంక కొలవకండి."

లేచి, కొంగు నడుముకి దోపుకుని, ఒక్కో మట్టికుప్ప దగ్గరా ఆగుతూ వాలు దిగి వెళ్ళిపోయింది.